కంచె బయట మిగిలిన పేర్లు

యుద్ధంలో ఆయుధం పట్టని జనాన్ని కాపాడతామని ప్రపంచం చాలాసార్లు కాగితం మీద రాసుకుంది. 1949లో జెనీవాలో రాసుకుంది. 1993 ఏప్రిల్ 16న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 819వ తీర్మానం చేసి బోస్నియాలోని స్రెబ్రెనిత్సాను 'సురక్షిత ప్రాంతం' అంది. రెండేళ్లు తిరిగాక, 1995 జూలైలో, ఆ ప్రాంతం సెర్బు సైన్యం చేతికి చిక్కింది. ఎనిమిది వేల మందికి పైగా ముస్లిం మగవాళ్లనూ, మీసం రాని పిల్లల్నీ పట్టుకుని చంపేశారు. ఆ కాగితానికీ ఈ శవాలకూ మధ్య ఏం జరిగిందో యాస్మిలా జ్బానిచ్ 2020లో తీసిన 'కువో వాదిస్, ఆయిదా?' సినిమా చూపిస్తుంది. దాన్ని ఎక్కడో యూరప్ గొడవగా చూసి ఊరుకోవడం మా వల్ల కాలేదు.

ఆయిదా బడి పంతులమ్మ. యుద్ధం వచ్చాక ఐక్యరాజ్యసమితి సైనికుల దగ్గర దుబాసీ. పొతొచారీలోని డచ్చి సైనికుల స్థావరంలోకి వేల మంది జనం చొరబడి తలదాచుకుంటారు. అంతకన్నా ఎన్నో రెట్ల మంది కంచె బయటే ఉండిపోతారు. ఆయిదా మెడలో ఐక్యరాజ్యసమితి కార్డుంది. భర్తకీ ఇద్దరు కొడుకులకీ లేదు. సినిమా అంతా ఆమె పరుగే. ఆ ముగ్గురి పేర్లు ఒక జాబితాలో ఎక్కించమని అధికారుల కాళ్లావేళ్లా పడుతుంది. రూల్సు ఒప్పుకోవంటారు వాళ్లు. హత్యలకు రూల్సు అడ్డం రాలేదు. మూడు పేర్లు రాయడానికి వచ్చాయి.

ఇక్కడ దర్శకురాలు పట్టుకున్న కీలకం దుబాసీ ఉద్యోగం. 'మీకేం భయం లేదు, బస్సులెక్కండి' అని అధికారి ఇంగ్లీషులో అంటాడు. ఆ మాట అబద్ధమని ఆయిదాకి తెలుసు. అయినా తన నోటితో, తన భాషలో, తన జనానికి చెప్పాలి. రక్షిస్తామన్నవాడి అబద్ధాన్ని బాధితుల చేతే చెప్పించడం కన్నా హింస ఏముంది? ముస్లింలుగా పుట్టి తెలుగులో రాస్తున్న మాకు ఈ ఇరకాటం కొత్త కాదు. ప్రతి అల్లరి తర్వాతా మా వాళ్లకు మేమే సర్దిచెప్పాలి, శాంతి కమిటీలో మేమే కూచోవాలి, మెజారిటీకి మా దుఃఖాన్ని వాళ్లు నొచ్చుకోని మాటల్లో మేమే తర్జుమా చేసి పెట్టాలి.

తీర్మానాల భాష సంగతీ చూడాలి. 1993 జూన్‌లో వచ్చిన 836వ తీర్మానం ఈ ప్రాంతాల మీద దాడులు జరక్కుండా 'నిలువరించమని' చెప్పింది. 'రక్షించండి' అనే మాట జాగ్రత్తగా తప్పించింది. ఆ పనికి 34,000 మంది సైనికులు కావాలని సెక్రటరీ జనరల్ అడిగితే సభ్యదేశాలు ఒప్పుకున్నది 7,600 మందికి. పేరు మాత్రం 'సురక్షితం' అనే ఉంచారు. ఆ పేరు నమ్మి చుట్టుపక్కల పల్లెల జనం అక్కడ పోగయ్యారు. ఉత్తుత్తి హామీ ఇవ్వడం కన్నా ఏ హామీ ఇవ్వకపోవడమే మేలు. అప్పుడు కనీసం పారిపోయే దారి వెతుక్కునేవాళ్లు.

పట్టణంలో అడుగుపెట్టిన రోజున సెర్బు జనరల్ మ్లాదిచ్ కెమెరా ముందు నిలబడి, 'టర్కు'ల మీద పగ తీర్చుకునే సమయం వచ్చిందన్నాడు. వాళ్లు టర్కులా? అదే నేల వాళ్లు, అదే స్లావు జాతి, మాట్లాడేదీ చంపేవాడి భాషే. సినిమాలో ఒక సెర్బు సైనికుడు ఆయిదాని చూసి 'టీచర్' అని పలకరిస్తాడు. ఆమె దగ్గర చదువుకున్నవాడే. ఈ 'టర్కు' మాట విన్నప్పుడు మాకు ఒళ్లు జలదరించింది. తెలుగునేల మీద తరతరాలుగా దూదేకిన, కూరగాయలమ్మిన, తెలుగు తప్ప మరో భాష రాని మా తాతల్నీ 'తురకోళ్లు' అనే పిలిచారు. పిలిచిన ప్రతివాడూ హంతకుడని మేం అనడం లేదు. ఊరివాణ్ని పరాయివాణ్ని చేయడానికి ముందుగా కావలసింది ఒక పేరు అని మాత్రమే అంటున్నాం. ఆయిదా కుటుంబం నమాజు చేస్తున్నట్టు ఎక్కడా కనిపించదు. చంపేవాడు ఆ లెక్క అడగలేదు. మతం పాటించకపోతే మతంవల్ల వచ్చే కష్టం ఉండదని మాకు హితవు చెప్పే లౌకిక మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి.

సినిమాలో లోపం లేదని కాదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది స్థావరానికి రాలేదు. తుజ్లా చేరాలని అడవుల్లో బారులు తీరి నడుస్తూ దొరికిపోయినవాళ్లు. వాళ్ల నడక సినిమాలో లేదు. ఒక తల్లి కళ్లతో చూపాలనుకోవడంలో వాళ్లు తెర బయట ఉండిపోయారు. చంపే ఘట్టంలో మాత్రం సంయమనం మెచ్చదగ్గది. మగవాళ్లని ఒక హాల్లోకి నెడతారు. కిటికీల్లోంచి తుపాకులు కనిపిస్తాయి. తర్వాత కెమెరా వీధిలోకి వచ్చేస్తుంది, చప్పుడు వినిపిస్తుంది. నెత్తుటిని తమాషా చేయలేదు.

యుద్ధం తర్వాత ఆయిదా తెల్లగుడ్డల మీద పేర్చిన ఎముకల మధ్య తన వాళ్లని వెతుక్కుంటుంది. నేరం దాచడానికి గోతుల్ని యంత్రాలతో తవ్వి వేరేచోట్లకి తరలించారు. అందుకే ఒకే మనిషి ఎముకలు రెండుమూడు గోతుల్లో దొరికాయి. అయినా డీఎన్‌ఏ పరీక్షలతో దాదాపు ఏడువేల మందికి వాళ్ల పేర్లు తిరిగొచ్చాయి. 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం దీన్ని జాతిహత్య అంది. 2019లో డచ్చి సుప్రీంకోర్టు, స్థావరం నుంచి బయటికి పంపిన 350 మంది విషయంలో తన ప్రభుత్వానికి పదిశాతం బాధ్యత ఉందంది. వాళ్లని లోపలే ఉంచి ఉంటే బతికే అవకాశం అంతేనట! ఆ లెక్కతో మాకు పేచీ ఉంది. కానీ లెక్క జరిగింది, ప్రభుత్వం బోనులో నిలబడింది.

మా దగ్గర ఆ మాత్రమూ జరగలేదు. 1948 సెప్టెంబరు పోలీసు యాక్షన్ తర్వాత హైదరాబాదు రాజ్యంలో జరిగిన హత్యాకాండ మీద పండిట్ సుందర్‌లాల్ కమిటీ 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయారని అంచనా వేసింది. అంతకుముందు రజాకార్లు చేసిన దౌర్జన్యాలను మేం దాచం, సమర్థించం. అయితే రజాకార్ల నేరానికి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు పల్లెల్లో ఆయుధం ముట్టని ముస్లింలు బదులు తీర్చాలా? ఆ నివేదిక దశాబ్దాలపాటు జనానికి అందకుండా ఉండిపోయింది. 27 వేలకూ 40 వేలకూ మధ్య తేడా పదమూడు వేల ప్రాణాలు. లెక్క తేల్చి ఒక్కొక్క పేరూ రాసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

కాపాడటమంటే తుపాకీ పట్టుకుని కాపలా కాయడం ఒక్కటే అనుకోవద్దు. బతికుండగా జాబితాలో పేరు రాయడం కాపాడటమే. చనిపోయాక సమాధిరాయి మీద పేరు రాయడమూ ఆ బాధ్యతలోదే. ఆయిదా అడిగింది మూడు పేర్లు. మేం అడుగుతున్నవి కొన్ని వేల పేర్లు.