ఒకే రేణువుకు రెండు ప్రశ్నలు

మే నెలలో భూపాలపల్లి ఎండ తిన్నవాళ్లకు, ఈ గడ్డ మీద ఒకప్పుడు మంచు పేరుకుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ గోదావరి లోయ బొగ్గు పొరలకు అడుగున తాల్చిర్ అనే పొర ఒకటుంది. సన్నటి బురదరాయిలో చిన్నా పెద్దా గుండ్లు కలగాపులగంగా ఇరుక్కుని ఉంటాయి. ఏరు మోసుకొచ్చిన రాళ్లయితే సైజులవారీగా సర్దుకునేవి. ఇవి సర్దుకోలేదు. ఒడిశాలోని తాల్చేరు దగ్గర ఇలాంటి గుండ్లనే చూసి, ఇది మంచు పని అని 1856లోనే భూగర్భ శాస్త్రవేత్తలైన బ్లాన్‌ఫర్డ్ సోదరులు రాశారు. 1875లో మరో భూగర్భ శాస్త్రవేత్త ఫెడ్డెన్, మన లోయకు ఎగువన చంద్రపూర్ దగ్గరి ఇరయి వద్ద, మంచు గీసిన గీతలున్న సున్నపురాయి బండను పట్టుకున్నాడు. ఆ మంచు దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందటిది. అప్పుడు మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది.

మంచు ఎక్కడిదాకా వచ్చిందో రాళ్లు చెబుతాయి. అది కరిగాక ఏం మొలిచిందో చెప్పాల్సింది పుప్పొడి. ఆ పని చేసేవాళ్ల ఓపికంటే నాకు అసూయ.

బోరు వేసి తీసిన రాతి కోర్లు లక్నోలోని బీర్బల్ సాహ్నీ పురాశాస్త్రాల సంస్థకు వెళ్తాయి. నీర్జా ఝా వంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చూసింది ఈ గోదావరి లోయ కోర్లనే. ముందు కోరు పైపొర గీకి పారేయాలి. లేకపోతే డ్రిల్లింగ్ బురదలో కలిసిన నిన్నమొన్నటి వేపపూల పుప్పొడి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. తర్వాత రాయిని నలగ్గొట్టి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే సున్నం పోతుంది, హైడ్రోఫ్లోరిక్‌లో వేస్తే ఇసుకా బంకమన్నూ పోతాయి. ఈ రెండోది గాజును కూడా తినేస్తుంది, అందుకే ప్లాస్టిక్ గిన్నెలు. బొగ్గు మసి వదలడానికి నైట్రిక్ యాసిడ్. ఇన్ని యాసిడ్లు దాటి కూడా పుప్పొడి పెంకు మిగులుతుంది. దాని పదార్థం పేరు స్పోరోపోలెనిన్. మొక్క తయారుచేసే వాటిలో అంతకన్నా మొండిది లేదంటారు.

తాల్చిర్ కాలపు రేణువును మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు నాకు కనిపించింది, సైకిల్ ట్యూబు నడుమ పెట్టిన అప్పం. నడుమ గోధుమరంగు బిళ్ల, చుట్టూ గాలి తిత్తి. ఒకే తిత్తి ఉన్న ఈ రకాలు తాల్చిర్ పొరల్లో ఎక్కువ. మొత్తం మీద రకాలు మాత్రం తక్కువ. చలినేల కదా, ఏవో కొన్నే తట్టుకున్నాయి. దాని పైన, బొగ్గు దట్టంగా ఉన్న బరాకర్ పొరల్లోకి వచ్చేసరికి రెండు తిత్తుల రేణువులది పైచేయి. గ్లాసాప్టెరిస్ చెట్ల పుప్పొడి ఆ రకమే. భూపాలపల్లి కాకతీయ గనుల్లో మనవాళ్లు తవ్వుతున్నది, మంచు వెనక్కి తగ్గాక పెరిగిన ఆ అడవినే. ఒక్క రేణువు ఏమీ చెప్పదు. నమూనాకు 200 దాకా లెక్కపెట్టి, ఏ రకం ఎంత శాతమో చూస్తేనే కథ.

నాకు పేచీ ఉన్నది ఇక్కడే. 1916లో స్వీడన్ పరిశోధకుడు లెనార్ట్ వాన్ పోస్ట్ ఈ శాతాల విద్యను లోకానికి చూపించాడు. ఆయన ముందున్నది మొన్నటి మంచుయుగం తర్వాతి పీట్ నేలలు. వాటి వయసు ఎంతో తర్వాతివాళ్లు కార్బన్‌తో విడిగా తేల్చుకున్నారు. కార్బన్ లెక్క 50 వేల ఏళ్లు దాటితే పనిచేయదు. మనది 30 కోట్ల ఏళ్ల లెక్క. అందుకని ఇక్కడ రేణువునే తేదీ అడుగుతారు, వాతావరణమూ దాన్నే అడుగుతారు. చలిరకం రేణువు ఉంది కాబట్టి పాత పొర, పాత పొర కాబట్టి చలి అనుకుంటూ పోతే గానుగెద్దు తిరిగినట్టే. పైగా పెంకు మొండిది కావడంతో, పాత రాయిలోంచి కొట్టుకొచ్చి కొత్త పొరలో చేరే రేణువులూ ఉంటాయి. ఆస్ట్రేలియాలో బొగ్గు పొరల మధ్య అగ్నిపర్వత బూడిద దొరికింది. అందులోని జిర్కాన్ స్ఫటికాలతో వయసు కడితే, పుప్పొడి మీద ఆధారపడి వేసిన తేదీలను మార్చాల్సి వచ్చింది. కాబట్టి పుప్పొడి చెప్పింది వినాలి, పక్కన గుండురాళ్ల సాక్ష్యమూ తీసుకోవాలి. పుప్పొడి ఒక్కదానితోనే మంచు అంచు గీసి మ్యాపు చేతికిస్తే నేను నమ్మను. గాలికి కొట్టుకొచ్చే సరుకు కదా, ఏ దూరపు చెట్టుదో!

జనగామ గ్రానైటును, మహబూబాబాద్ గట్టి రాళ్లను ఈ విషయం అడిగి లాభం లేదు. అవి మొక్కలు పుట్టకముందువి. మంచు వాటి మీదుగా పోయిందో లేదో చెప్పే పొర ఇప్పుడు వాటిపైన మిగల్లేదు. మూడు జిల్లాల్లో ఈ భాగ్యం ఎక్కువగా భూపాలపల్లికే దక్కింది.

ఓపెన్‌కాస్టులో బొగ్గు లారీ ఎక్కుతుంది, మిగతా రాయి గని పక్కన పోసే ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టల్లో కలుస్తుంది. ఒకసారి కలిశాక ఏ ముక్క ఏ పొరదో ఎవరూ చెప్పలేరు. ఈ గనులు నడిపే సింగరేణి సంస్థ పెద్దలకు ఒక్క మనవి. బోరు కోర్లలో ఒక వరుసను, అడుగు గుండురాళ్ల పొర నుంచి పై బొగ్గు దాకా, భూపాలపల్లిలోనే ఒక గదిలో పెట్టండి. పక్కన ఒక మైక్రోస్కోపూ నాలుగు స్లైడ్లూ ఉంచి, ఈ మూడు జిల్లాల బాటనీ పిల్లలను లోపలికి రానివ్వండి.