హోంవర్క్‌కు ముందు ఆకలి బార్

సిమ్స్ అనే కంప్యూటర్ ఆటలో శత్రువులుండరు, తుపాకులుండవు. ఒక ఇల్లు, ఇంట్లో మనుషులు, వాళ్లకు వంట, స్నానం, కొలువు, బడి. నడిపించేది మనం. ఒక్కొక్కరికి ఆరు బార్లు కనిపిస్తుంటాయి: ఆకలి, నిద్ర, మూత్రం, శుభ్రత, సరదా, నలుగురితో మాట. పచ్చగా ఉంటే మనిషి హుషారు, ఎర్రబడితే చిరాకు. 2022 అక్టోబరులో ఈ వరసలోని నాలుగో ఆటను ఉచితం చేశాక రామచంద్రాపురంలో మా అన్న కూతురి ల్యాప్‌టాప్‌లోకీ దిగింది. పక్కన కూర్చుని నేనూ అలవాటు పడ్డాను. యాభై దాటిన మనిషికి ఇదేం పని అంటుంది మా వదిన. ఆమె సీరియళ్ల సంగతి నేనెత్తను.

సాయంత్రాలు ట్యూషన్ చెప్పేదాన్ని గనుక నా కళ్లు ఆ ఆటలో బడి మీదే ఉంటాయి. పిల్ల పొద్దున ఎనిమిదికి వెళ్లి మూడింటికి వస్తుంది. హోంవర్క్ పుస్తకం వెంట ఉంటుంది. అందరికీ మొదట ‘సి’ గ్రేడు. హోంవర్క్ చేసి, మంచి మూడ్‌లో బడికి వెళ్తుంటే బి, ఆ తర్వాత ఏ. మానేస్తే కిందికి. ఇంతవరకు మన బళ్లలాగే. అయితే పిల్ల రాస్తున్నంతసేపూ ఆ బార్లు తగ్గుతూనే ఉంటాయి. ఆటలో ఒక రోజంటే మనకు ఇరవై నాలుగైదు నిమిషాలు. తిండి, స్నానం, నిద్ర, ఆట, చదువు అన్నీ అందులోనే సర్దాలి. ఆకలితో, నిద్రమొహంతో బడికి పంపితే రాత్రంతా రాయించిన హోంవర్క్ కూడా పెద్దగా కాపాడదు. “అత్తమ్మా, దీని ఫన్ పడిపోయింది, జర ఆడుకోనియ్యి, తర్వాత రాపిద్దాం” అంటుంది మా పిల్ల. తన సొంత హోంవర్క్ దగ్గర ఆమెతో ఇంట్లో ఎవరూ అనని మాట అది.

మొదట్లో ఆట ఇంత దయగా లేదు. దీన్ని రూపొందించిన విల్ రైట్ 1991లో అమెరికాలో ఓక్లాండ్ కొండల మంటల్లో ఇల్లు పోగొట్టుకున్నాడు. మళ్లీ ఒక్కో వస్తువూ కొనుక్కుంటూ సంసారం కూర్చుకున్నప్పుడు పుట్టిన ఆలోచన, 2000లో ఆటగా వచ్చింది. అందులో గ్రేడు అడుగంటిన పిల్లను మిలిటరీ స్కూలుకు తోలేస్తారు, ఇక ఇంటికి రాదు. 2004లో వచ్చిన రెండో ఆటలో చదవని పిల్లను సోషల్ వర్కర్ తీసుకుపోతుంది. ప్రైవేటు బడిలో సీటు కావాలంటే హెడ్మాస్టరును భోజనానికి పిలిచి, ఇల్లంతా తిప్పి చూపించి మెప్పించాలి. సీటుకు ముందు తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేసే బళ్లు మన దగ్గరా ఉన్నాయి కాబట్టి ఇది మనకు వింత కాదు. ఒక పూట భోజనంతో పోతుందంటే ఇక్కడ చాలామంది సంతోషంగా వండి పెడతారు.

2014 నాటి నాలుగో ఆటలోనూ పిల్లను తీసుకుపోవడం ఉంది, కానీ మార్కుల కోసం కాదు. ఆకలికి మాడిస్తే తీసుకుపోతారు. ఆ పద్నాలుగేళ్లలో తప్పు పిల్ల నెత్తి మీది నుంచి పెద్దల నెత్తికి మారింది. నాకు ఈ ఆట మీద గౌరవం కలిగింది అక్కడే.

పేచీ కూడా ఉంది. 2017లో పేరెంట్‌హుడ్ అని ఒక అదనపు భాగం అమ్మారు. హోంవర్క్ చేసే పిల్లకు బాధ్యత అనే గుణం పెరుగుతుంది, చేయని పిల్లకు తరుగుతుంది. పెద్దయ్యేసరికి బాధ్యత గల మనిషి, బాధ్యత లేని మనిషి అన్న ముద్ర పడిపోతుంది. హోంవర్క్ ఎందుకు చేయలేదన్నది లెక్కలోకి రాదు.

మా ఫ్యాక్టరీల బెల్టులో ఆ ‘ఎందుకు’కే జవాబులు ఎక్కువ. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో ఫస్ట్ షిఫ్ట్ ఆరింటికి, సెకండ్ షిఫ్ట్ రెండింటికి, నైట్ షిఫ్ట్ పదింటికి. నాన్న నైట్ చేసి వచ్చి పగలు పడుకుంటే ఒక్కటే గది ఉన్న ఇంట్లో పిల్లలు గట్టిగా చదవకూడదు. సెకండ్ షిఫ్ట్ వారంలో బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఉండదు. అన్నం పెట్టడం, తమ్ముడిని చూడటం పెద్దపిల్ల పని. ఆ పిల్ల నా దగ్గర నోటుబుక్కు తెరిచి కునుకుతుంటే బాధ్యత లేనిదని ఎట్లా అనను? ఆటలో పెద్దవాళ్లను ఒక్క క్లిక్‌తో హోంవర్క్‌కు సాయం కూర్చోబెట్టవచ్చు. ఇస్నాపూర్ గదుల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఆ తెలుగు వాచకం చదవడమే రాదు. అందరూ ‘సి’ దగ్గర మొదలవుతారన్నది ఆటలోనే. ఈ ఆట కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో ఆఫీసుంది. అక్కడివాళ్లెవరైనా ఒక సాయంత్రం ఇటు వస్తే షిఫ్టుల సంగతి నేను చెప్తాను.

మన కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ఆటలోని ఆ బార్ల సంగతి గుర్తించినట్టే ఉంది. రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దు. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించొద్దు. ఆరు నుంచి ఎనిమిదికి రోజుకు గంట, తొమ్మిది నుంచి పన్నెండుకు రోజుకు రెండు గంటలు. నా దగ్గరకొచ్చే నాలుగో తరగతి పిల్లలు ఆ వారం కోటాను సోమ, మంగళవారాల్లోనే పూర్తిచేస్తారు. ఏ బడి అన్నది చెప్పను, ఒక్కటైతే కాదు. తప్పు బడిది మాత్రమే కూడా కాదు, నోటుబుక్కు నిండకపోతే ఫీజు దండగైందని కొట్లాటకు వెళ్లే తల్లిదండ్రులూ నాకు తెలుసు.

పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు సర్కారు బళ్లలో సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టి, తినడానికి ఏదో ఒకటి ఇస్తున్నారు. ఈ షిఫ్టుల ఊళ్లలో అదే పని మూడో తరగతి నుంచి, ఏడాది పొడవునా చేయాలి. బడిలోనే ఒక గంట కూర్చోబెట్టి, గుప్పెడు గుగ్గిళ్లు పెట్టి, హోంవర్క్ అక్కడే ముగించి ఇంటికి పంపండి. ప్రైవేటు బళ్లు ఫీజులోనే ఇది చేయగలవు. సర్కారు బళ్లకు డబ్బు జిల్లా అధికారులు, ఇక్కడి కంపెనీలు కలిసి చూడాలి.