ఆలస్యం కాదు అసలు లోపం

డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే తుపాకుల వీడియో గేమును 1997లో ప్రకటించారు. జనం చేతికి వచ్చింది 2011లో. ఈ పద్నాలుగేండ్ల ఆలస్యమే దాన్ని చెడగొట్టిందంటారు. నేను ఒప్పుకోను.

దీని ముందటి ఆట 1996లో బాగా అమ్ముడుపోయింది. ఆ సొమ్ముతో త్రీడీ రెల్మ్స్ సంస్థ గడువు లేకుండా పని సాగించింది. బ్యాంకు లెక్క తెలిసినవారికి ఇక్కడే అనుమానం వస్తుంది. 1998లో ఆటను నడిపించే ఇంజన్నే మార్చి, చాలా పని మళ్లీ మొదలుపెట్టారు. 2009లో డబ్బు చాలక పనివాళ్లను పంపేశారు. తర్వాత గేర్‌బాక్స్ సంస్థ పూర్తి చేయించింది. ఫలితం? పాత ఆటలో ఆయుధాలన్నీ వెంట ఉండేవి. ఇందులో విడుదలనాటికి ఒకసారికి రెండే. ఇది పక్కవారి ఆటల పద్ధతి. హాస్యం మాత్రం 1996 దగ్గరే ఆగింది. నిలవవలసింది పోయింది, మారవలసింది నిలిచింది.

ఇంతకన్నా ఎక్కువ ఆలస్యాన్ని తట్టుకున్న కావ్యం మనకుంది. పదకొండవ శతాబ్దంలో నన్నయ భారతం అరణ్యపర్వం నడుమ ఆగింది. పదమూడవ శతాబ్దంలో తిక్కన ఆ కొరతను ముట్టక, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశారు. పద్నాలుగవ శతాబ్దంలో ఎర్రన ఆ మిగులు పూరించి, ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చారు. నన్నయ ధోరణిలో అందుకుని, తిక్కన ధోరణిలో విడిచారు. అతుకు కనబడదు.

హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో పెద్దలు సగంలో విడిచిన పాటలు, కథలు ఎన్నో. ఎత్తుకునేవారు ఆలస్యమైందని జంకనక్కరలేదు. ఎక్కడ ఆగిందో తెలుసుకుంటే చాలు.