చెడీ తాలింఖానా: కత్తి ఆగే చోటు

విజయదశమి రాత్రి అమలాపురం వీధిలో ఒక కుర్రాడు నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. అతని పొట్ట మీద కాయ పెడతారు. కళ్లకు గంతలు కట్టుకున్న ఇంకొకడు కత్తి ఎత్తుతాడు. వాయిద్యాల హోరు మధ్య దెబ్బ పడుతుంది, కాయ రెండు చెక్కలవుతుంది, కింద ఒంటి మీద గీత కూడా ఉండదు.

ఇది చెడీ తాలింఖానా. తాటిపాక సెంటర్ నుంచి పాశర్లపూడి మీదుగా బోడసకుర్రు వంతెన ఎక్కి వైనతేయ నది దాటితే అమలాపురం. మా వైపు జనం దసరాకి ఆ దారి పట్టేది ఈ విద్య చూడ్డానికే. కొంకాపల్లి, మహిపాల వీధి, గండు వీధి, రవణం వీధి... ఊరేగింపుకు వీధికో వాహనం కడతారు. వాహనం ముందు ఆ వీధి వాళ్లే సాము చేస్తారు. నూనూగు మీసాల పిల్లల నుంచి తల నెరిసిన పెద్దల దాకా అందులో ఉంటారు. ఈ విద్యకు ఇక్కడ మూలపురుషుడిగా కొంకాపల్లికి చెందిన అబ్బిరెడ్డి రామదాసు పేరు చెబుతారు. తెల్లదొరల మీద తిరగబడే సత్తువ కుర్రకారుకు రావాలనే ఆయన నేర్పారని పెద్దల మాట.

ఇప్పటి కుర్రకారుకు యోధుడంటే ముందు గుర్తొచ్చేది సమురాయ్. 2020లో వచ్చిన ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ వీడియో ఆటలో కథ 1274 నాటి మంగోలుల దండయాత్ర. శత్రువు ముఖంలో ముఖం పెట్టి పోరాడాలా, ఊరిని కాపాడ్డానికి చీకట్లో వెనకనుంచి పొడవాలా అన్నదే ఆ కథానాయకుడి వేదన. అంతకు ముందే, 1990లలో, ‘లెజెండ్ ఆఫ్ ది ఫైవ్ రింగ్స్’ అనే పాత్రధారణ ఆట రొకుగాన్ అనే కల్పిత రాజ్యంలో నడిచింది. అక్కడ ప్రతి యోధుడి గౌరవానికీ ఒక అంకె ఉంటుంది. తప్పు పని చేస్తే తగ్గుతుంది, మాట నిలబెట్టుకుంటే పెరుగుతుంది. పిల్లలు ఆటలోనైనా పరువు గురించి ఆలోచించడం నాకు సంతోషమే. ఎలా గెలిచామన్నది కూడా ముఖ్యమని ఆ ఆటలు నేర్పుతున్నాయి. అయితే ఆ అంకె ఎప్పుడూ ఒక్కడి ఖాతాలోనే పడుతుంది. తాలింఖానాలో పరువు ఇద్దరిది, కత్తి పట్టినవాడిది, పడుకున్నవాడిది. అది అర్థం కావాలంటే విద్యలోకి దిగాలి.

మొదలు కర్రతోనే. గురువుకు, నేలకు దండం పెట్టి కర్ర అందుకుంటారు. చూసేవాడి కన్ను కర్ర మీద ఉంటుంది గానీ నేర్చేవాడి కష్టమంతా కాళ్లలో ఉంటుంది. అడుగు సరిగా పడకపోతే నడుం తిరగదు, నడుం తిరగకపోతే భుజం బిగుసుకుంటుంది, బిగుసుకున్న భుజంతో తిప్పిన కర్ర తన మోకాలికే తగులుతుంది. బలమంతా మణికట్టుది. మణికట్టు బెత్తెడు కదిలితే కర్ర కొస బారెడు చుట్టేస్తుంది, అందుకే కొస దగ్గర వేగం అంత. తిప్పడం నెలల్లో వస్తుంది. తిరుగుతున్న కర్రను అనుకున్న చోట ఆపడానికే ఏళ్లు పడతాయి.

కర్ర తర్వాతే పట్టాకత్తులు, లేడి కొమ్ములు, మంట పెట్టి తిప్పే అగ్గిబరాటా. లేడి కొమ్ములు రెండు చేతులా పట్టుకుని మీదికొచ్చిన దెబ్బను తప్పించుకుంటూ లోపలికి దూరే పద్ధతి దగ్గరి పోరుది, చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అగ్గిబరాటా దూరంగా నిలబడి చూడాల్సిన సంగతి. మంట తన చుట్టూ తిరుగుతుంటే మనిషి కనిపించడు.

ఇక కాయ నరకడం. గంతలు కట్టాక కన్ను పనిచెయ్యదు, కొలతే పనిచేస్తుంది. పాదం ఎక్కడ ఆనింది, చెయ్యి ఎంత ఎత్తులో ఉంది, కాయ ఎంత మందం అన్నవి అప్పటికే ఒంటికి తెలిసి ఉండాలి. దెబ్బ వెయ్యడానికి ఎంత బలం కావాలో, కాయ తెగిన క్షణంలో దాన్ని వెనక్కి లాక్కోవడానికీ అంతే కావాలి. బలం ఉన్నవాడు నరకగలడు. చెయ్యి తన మాట వినేవాడే ఆపగలడు. కోపంతో ఉన్నవాడు, గొప్పకు పోయేవాడు, తాగినవాడు ఈ పనికి పనికిరాడు. ఏ గ్రంథమూ రాసిపెట్టకపోయినా, కాయ కింద మనిషి ఉన్నాడన్నదే అతనికి నియమావళి.

పడుకున్నవాడు ఊరికే పడుకోడు. ఊపిరికి పొట్ట లేస్తుంది, పడుతుంది. ఆ కాస్త ఎత్తు తేడా చాలు కొలత తప్పడానికి. కత్తి గాలి చప్పుడు చెవిన పడినా ఒళ్లు ఉలిక్కిపడకూడదు. అతను కదలడని నమ్మి వీడు నరుకుతాడు, వీడు ఆపుతాడని నమ్మి అతను కదలడు. చప్పట్లు మాత్రం కత్తికే పడతాయి. అది నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

ఈ విద్య పండుగలో ఎందుకుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1876లో జపాన్ ప్రభుత్వం సమురాయ్‌లు కత్తి ధరించి తిరగడాన్ని నిషేధించింది. 1878లో ఇక్కడ బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా ఆయుధం పట్టుకు తిరగడాన్ని నేరం చేసింది. రెండేళ్ల తేడాతో రెండు దేశాల్లో కత్తికి సంకెళ్లు పడ్డాయి. జపాన్‌లో కత్తి పోయాక యోధధర్మం పుస్తకంలోకి వెళ్లింది. మీ బడుల్లో మతబోధ లేనప్పుడు నీతి ఎలా నేర్పుతారని ఒక బెల్జియం పండితుడు జపాన్ రచయిత నితొబె ఇనాజోను అడిగాడు. అప్పుడు ఆయనకు జవాబు తోచలేదు. తర్వాత ఆ జవాబే ‘బుషిదో’ పుస్తకమై 1900లో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఈనాటి ఆటల్లోని సమురాయ్ చాలావరకు అలాంటి పుస్తకాల నుంచి పుట్టినవాడే. మన దగ్గర ఆ ధర్మం పండుగలోకి వెళ్లిందని నా నమ్మకం. దసరా ఊరేగింపులోనూ, చాలా ఊళ్లలో పీర్ల పండుగలోనూ సాము కనిపిస్తుంది. దేవుడి ముందు తిప్పే కర్రను ఏ దొర లాక్కోగలడు? నితొబెకు ఎదురైన ప్రశ్నే కొంకాపల్లిలో ఎవరినైనా అడిగి ఉంటే, రాత్రికి వాహనం దగ్గరికి రమ్మనేవారు.

ఈ మధ్య కలరిపయట్టు, గట్కా, థాంగ్-టా అనే యుద్ధవిద్యలు ఖేలో ఇండియా యువజన క్రీడల్లో చేరాయి. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన పోటీల్లో అక్కడి కర్రసాము సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. మన సాముకూ ఆ రోజు రావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ పోటీ అంటే పాయింట్లు. తగిలిన దెబ్బకు పాయింటు వెయ్యడం తేలిక. తగలకుండా ఆపిన దెబ్బకు, ఊపిరి బిగబట్టి పడుకున్న ఒంటికి ఎన్ని వేస్తారు? ఆ నిబంధనలు ఎవరో రాసేలోపు మనమే చెయ్యాల్సిన పని ఒకటుంది. వీధి వీధికీ వెళ్లి గురువుల దగ్గర కూర్చుని, ఏ అడుగు తర్వాత ఏ అడుగో, కత్తి ఏ వాలులో దిగాలో, పడుకునేవాడికి ఊపిరి ఎలా నేర్పుతారో రాసిపెట్టాలి, వీడియో తియ్యాలి. కత్తి పట్టినవాడి పేరు పక్కనే పడుకున్నవాడి పేరూ రాయాలి.