సముద్రం దాటిన 'ఇందర్ సభా'

1872లో ప్రధాని మొదటి సాలార్ జంగ్ ఆహ్వానంపై బొంబాయికి చెందిన విక్టోరియా నాటక మండలి హైదరాబాద్ వచ్చింది. ఆ మండలిని తీసుకువచ్చిన దాదీ పటేల్ తిరిగి వెళ్ళేటప్పుడు ఇక్కడి స్త్రీలను కొందరిని వెంట తీసుకువెళ్ళి, బొంబాయి రంగస్థలంపై 'ఇందర్ సభా' నాటకంలో పరీల వేషాలు వేయించాడని పార్సీ నాటక చరిత్రకారులు రాశారు. అంతవరకు అక్కడ ఆ వేషాలు మగపిల్లలవే. మన పాతబస్తీకి సంబంధించిన ఈ ఘట్టం పాతబస్తీలోనే మరుగున పడిపోయింది. ఆ నాటకం ఆ తరువాత ఎంత దూరం వెళ్ళిందో తెలిసినవారు మరీ తక్కువ.

'ఇందర్ సభా' కర్త సయ్యద్ ఆగా హసన్ 'అమానత్' లక్నో కవి. హిజ్రీ 1268లో, అంటే 1851-52లో దీనిని రచించాడు. ఇది వాజిద్ అలీ షా దర్బారులో పుట్టిందనీ, నవాబే స్వయంగా ఇందర్ వేషం కట్టాడనీ చాలాకాలం ప్రచారంలో ఉంది. మసూద్ హసన్ రిజ్వీ 'అదీబ్' పరిశోధన ఆ కథను నిరాధారమని తేల్చింది. నాటకం ఆడింది దర్బారులో కాదు, లక్నో ప్రజల మధ్య. అనారోగ్యం వల్ల మాట పడిపోయి, ఇరాక్ జియారత్ తరువాత కొంతవరకే మాట తిరిగి వచ్చిన అమానత్ ఎక్కువగా ఇంటిపట్టునే ఉండేవాడు. మిత్రుని ప్రోత్సాహంతో, కాలక్షేపం కోసం దీనిని రాశానని తన 'షర్హ్'లో తానే చెప్పుకున్నాడు.

ఈ రచనపై రెండు తీర్పులు వాడుకలో ఉన్నాయి. ఇది నవాబుల విలాసానికి ప్రతీక అన్నది ఒకటి. హిందూ ముస్లిం సంస్కృతుల సమ్మేళనానికి ప్రతీక అన్నది రెండవది. రెండవదానికి ఆధారం లేకపోలేదు. సభ ఇంద్రునిది, పరీలు కోహె ఖాఫ్ వారు, సబ్జ్ పరీ ప్రియుడు గుల్ఫామ్ హిందూస్తాన్ రాకుమారుడు. గజళ్ళ పక్కనే ఠుమ్రీలు, హోరీలు ఉన్నాయి. అయితే రెండు తీర్పులూ నాటకం పుట్టుకను చూసి ఇచ్చినవే. వాజిద్ అలీ షా పేరు వినని, ఉర్దూ రాని పినాంగ్ ప్రేక్షకుడు దీనిని ఎందుకు ఆదరించాడన్న ప్రశ్నకు వాటిలో జవాబు లేదు. ఆ జవాబు ప్రదర్శనల చరిత్రలో వెతకాలి.

పార్సీ మండలులు 1870ల నుంచి రంగూన్, పినాంగ్, సింగపూర్ రేవులకు వెళ్ళి ఆడాయి. మలయా వాసులు ఆ ఆటలకు 'వాయాంగ్ పార్సీ' అని పేరు పెట్టుకున్నారు. 1885లో పినాంగ్‌లో మమక్ పుషీ అనే భారతీయ సంతతి ముస్లిం, పార్సీ మండలి వదిలివెళ్ళిన సామగ్రిని కొని, మలయ్ భాషలో ఆడే సొంత బృందాన్ని స్థాపించాడు. మలయ్ ప్రజల 'బంగ్సావాన్' నాటకానికి అది నాంది. ఆ ఒరవడిలోనే 1891లో జావాలోని సురబాయలో 'కొమెడీ స్తంబుల్' పుట్టింది. ఇస్తాంబుల్ పేరు పెట్టుకున్న ఆ బృందాన్ని నడిపినవారిలో యూరేషియన్లు, చైనీయులు ఉన్నారు.

సింహళంలో కథ మరో మలుపు తిరిగింది. 1882లో కొలంబో చేరిన పార్సీ బృందం ఆడిన 'ఇందర్ సభా' అక్కడి 'నూర్తి' నాటకానికి ఊపిరి పోసింది. ఆ బాటలో జాన్ డి సిల్వా 1903లో 'సిరిసంగబో' నాటకానికి భారతీయ విద్వాంసుడు విశ్వనాథ్ లాజీ చేత స్వరాలు కట్టించాడు. పరీల పాటలతో మొదలైన బాణీ బౌద్ధ రాజు త్యాగగాథను పాడింది. ఇక జర్మనీలో ఫ్రెడరిక్ రోజెన్ 1892లో అమానత్ రచనను అనువదించి ప్రకటించాడు.

ఈ ప్రయాణంలో చేరింది ఏది, జారిపోయింది ఏది? అమానత్‌కు కవిలోకంలో కీర్తి తెచ్చింది 'రియాయతె లఫ్జీ', అంటే ఒక మాటను పట్టుకొని దానికి చెందిన మాటలన్నిటినీ అల్లే చమత్కారం. అనువాదంలో మొదట చచ్చేది అదే. ఆయన గర్వించదగిన పనితనం రేవు దాటకముందే రాలిపోయింది. దాటింది నాటకం నిర్మాణం. ఒక్కొక్క పరీ సభలోకి రావడం, తానెవరో చెప్పుకోవడం, పాడటం, ఆడటం, ఇంతే. ఏ పాట తీసి ఏ పాట పెట్టినా కథ చెడదు. కథ పలుచన, పాత్రలకు లోతు లేదు అని విమర్శకులు ఎత్తిచూపిన లోపం నిజమే. ఆ ఖాళీలోనే మలయ్ గాయకుడు తన పాటను, సింహళ నటుడు తన తాళాన్ని పెట్టుకోగలిగారు. నిండుగా రాసిన నాటకానికి ఈ అవకాశం ఉండేది కాదు. జోగిన్ వేషంలో ప్రియుని వెతికే సబ్జ్ పరీని సూఫీ సాలిక్‌గా వ్యాఖ్యానించేవారున్నారు. నాటకం ఆ బరువును మోయదు, మోయనవసరమూ లేదు.

ఈ రచనను ధర్మనిష్ఠులు మెచ్చలేదన్నదీ దాచవలసిన విషయం కాదు. మర్సియాలు రాసిన అమానత్ పలు పాటల్లో తన తఖల్లుస్‌కు బదులు 'ఉస్తాద్' అని పెట్టుకోవడంలో ఆ సంకోచం కనిపిస్తుంది. పేరు పెట్టుకోవడానికి వెనుకాడిన పుస్తకమే ఆయన పేరును ప్రపంచానికి చేర్చింది.

తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. పార్సీ నాటకాల గాలి మన కోస్తాకూ వీచింది. 1880లలో మచిలీపట్నం నేషనల్ థియేట్రికల్ సొసైటీ కోసం నాదెళ్ల పురుషోత్తమ కవి ముప్ఫైకి పైగా నాటకాలు హిందూస్తానీ భాషలో రచించాడు. బందరు ప్రేక్షకులు వాటిని చూసి ఆనందించారు. ఉర్దూ సాహిత్య చరిత్రలు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. తెలుగు నాటక చరిత్రలు ఒకటి రెండు వాక్యాలతో దాటిపోతాయి. భాషను ఒక మతానికీ, నాటకాన్ని ఒక జాతికీ కట్టివేసి చూస్తే ఇలాంటి రచనలకు ఎక్కడా చోటు దొరకదు. పినాంగ్ ముస్లిం, కొలంబో బౌద్ధుడు, బందరు కవి ఆ కట్టును ఎప్పుడో విప్పారు. వారు చేసిన పనిని గ్రంథస్థం చేయడమే ఉభయ భాషలూ చదవగలిగినవారి ముందున్న బాధ్యత.