పెంబర్తి లక్క గొప్పదనం

వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే జనగామ దాటగానే పెంబర్తి. కాకతీయుల కాలంలో రథాలకు, గుళ్లకు లోహపు తొడుగులు చేసిన ఊరని చెబుతారు. నిజాం కాలంలో పాన్‌దాన్లు చేశారంటారు. చరిత్ర ఇక్కడికి చాలు, పని దగ్గరికి వద్దాం.

ఇత్తడి రేకు మీద సింహలలాటం లేచిందంటే అందరూ ఉలినీ సుత్తినీ మెచ్చుకుంటారు. నేను మాత్రం ముందు లక్కకు దండం పెడతాను. గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపి కాచిన ఆ పరుపు మీదే రేకును ఆనిస్తారు. దెబ్బ పడ్డచోట అది అణగాలి, పక్కన నిలబడాలి. మరీ గట్టిపడితే రేకు చిట్లుతుంది. మరీ మెత్తబడితే వెంట్రుకంత గీత మొద్దుబారుతుంది. ఆ పాకం పట్టు తెలిసిన ఆచారి చేతిలో దేవుడి కనుబొమ్మ కూడా పలుకుతుంది!

ఈ విద్యకు దగ్గరి చుట్టం నానో ముద్రణ. 1995లో స్టీఫెన్ చౌ అనే శాస్త్రవేత్త 25 నానోమీటర్లకన్నా సన్నని గుంటలను అచ్చు నొక్కి ప్లాస్టిక్‌లో దించాడు. మిల్లీమీటరులో పదిలక్షల వంతు ఒక నానోమీటరు. ఎంత పనితనం! ఆయన వాడిన పీఎంఎంఏ అనే పాలిమర్ ప్లాస్టిక్ 105 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కానీ ఆయన వేడిని అంతకు చాలా పైకి తీసుకెళ్లాడు. మెత్తబడటం వేరు, సందుసందునా పారడం వేరు. దాని పొడవాటి అణువులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. వాటి పొడవు రెట్టింపైతే చిక్కదనం దాదాపు పదింతలవుతుంది. అచ్చు నిండకముందే చల్లారితే అంచులు గుండ్రబడతాయి, చల్లారకముందే అచ్చు తీస్తే గీత వెనక్కి ముడుచుకుంటుంది, అతుక్కుంటే గోడలు విరిగి అచ్చుతోనే వచ్చేస్తాయి. టెక్సాస్‌లో గ్రాంట్ విల్సన్ బృందం ఆ వేడినే తప్పించి, పలచని ద్రవాన్ని అతినీలలోహిత కాంతితో గట్టిపరిచింది. అప్పుడు అది కుంచించుకుపోయే గుణం ముందుకొచ్చింది. నానో ముద్రణలో పాలిమరే రూపాన్ని దాచుకుంటుంది, పెంబర్తిలో లక్క తాను లొంగి రూపాన్ని ఇత్తడికి ఇస్తుంది. నా ఓటు పెంబర్తికే.

అలాంటి విద్య పేరు పెట్టి ఇవాళ ఏం అమ్ముతున్నారు? డై ప్రెస్‌లో గుద్దిన పలచని రేకు, దానిమీద బంగారు రంగు! ఎన్ని మకరతోరణాలు చూసినా ఒకే లోతు, ఒకే ముఖం. భౌగోళిక గుర్తింపు పొందిన పేరును ఇలా వాడుకోవడం దొంగతనమే. తక్కువ రేటుకే మొగ్గే గుడి కమిటీలకూ ఇందులో పాలుంది. అయ్యా, ధ్వజస్తంభానికి తొడుగు చేయించేముందు రేకును ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి, ఉలి దెబ్బలు కనబడాలి. వరంగల్ ఎన్‌ఐటీలో పాలిమర్లు చదివే పిల్లలను పెంబర్తి కొలిమి దగ్గర కూర్చోబెట్టండి. ఆ లక్క ఏ వేడికి ఎంత అణుగుతుందో కొలిచి రాయించండి, ఆ పాకం తెలిసిన పెద్దలు ఉండగానే.