పక్కన కూర్చుని వింటే

మూడో తరగతి ఇంగ్లిష్‌లో ఒకే మార్కు వచ్చిన ఇద్దరు పిల్లల్ని పిలిచి ‘పుట్ ద చాక్ అండర్ ద చైర్’ అనండి. ఒకరు చటుక్కున సుద్దముక్క తీసుకెళ్లి కుర్చీ కింద పెడతారు. ఇంకొకరు దాన్ని చేత్తో పట్టుకుని మన ముఖం వంక చూస్తూ నిలబడతారు. పాఠం కింది ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టి రాస్తే వచ్చిన మార్కు అది. భాష ఎంత వచ్చిందో అందులో తెలియదు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒకవైపు తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఈ బడుల పిల్లల్లో చాలామందికి ఇంగ్లిష్ వినిపించేది బడిలోనే. అందుకే వాళ్ల ప్రగతిని పేపర్లు దిద్ది కాదు, పక్కన కూర్చుని విని తెలుసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో ఇలాగే చేస్తారు. పల్లెల్లో ఇంటికి వెళ్లి ఒక్కొక్కరినీ విడిగా చదివిస్తారు. ఇంగ్లిష్ చదివించినప్పుడు, చదవగలిగినవాళ్లను అర్థం సొంత భాషలో చెప్పమంటారు. అర్థమైందా లేదా అన్నది అక్కడ తేలిపోతుంది.

న్యూజిలాండ్ విద్యావేత్త మేరీ క్లే పద్ధతి నాకు ఇంకా దగ్గరైంది. పిల్ల చదువుతుంటే సరిగ్గా పలికిన ప్రతి మాటకూ టిక్కు పెట్టాలి. తప్పు చదివితే ఏమని చదివిందో రాసుకోవాలి. తనే దిద్దుకుంటే దానికి వేరే గుర్తు. నూటికి తొంభై మాటలైనా సరిగ్గా రాకపోతే ఆ పాఠం ఆ పిల్లకు బరువన్నమాట. ‘హౌస్’ ఉన్నచోట ‘హోమ్’ అన్న పిల్లకు కథ అందుతోంది, చూపే అక్షరాల మీద నిలవడం లేదు. ‘హార్స్’ అన్న పిల్ల అక్షరాలు చూస్తోంది, అర్థాన్ని వదిలేసింది. పరీక్షలో ఇద్దరికీ పోయే మార్కు ఒకటే. రేపు వాళ్లకు చెప్పాల్సింది మాత్రం వేరు. ‘ఇస్కూల్’ అంటే అది యాస, దానికి టిక్కు పెట్టాల్సిందే.

మాటలోనూ అంతే. ‘ఐ రైస్ ఈట్’ అన్న పిల్లవాడు తెలుగు వరుసలో ఇంగ్లిష్ మాటలు పేరుస్తున్నాడు. కొన్నాళ్లకు ‘ఐ ఈటింగ్ రైస్’ అంటాడు. రెండింటినీ ఎర్రసిరాతో కొట్టేస్తే ఈలోపు వాడు నేర్చుకున్నది మన కంటపడదు. తేదీ వేసి ఉన్నదున్నట్టు రాసుకుంటే కనబడుతుంది.

ఇక పరిసరాల విజ్ఞానంలో ‘వేర్లు ఏం చేస్తాయి?’ అని ఇంగ్లిష్‌లో అడిగితే నోరు విప్పని పిల్లను తెలుగులో అడగాలి. నీళ్లు పీలుస్తాయని టక్కున చెబితే ఆమెకు పాఠం వచ్చినట్టే, రావలసింది ఇంగ్లిష్ మాత్రమే. ఈ రెండింటినీ విడివిడిగా రాయాలి. కెనడాకు వలస వచ్చిన పిల్లల చదువును పరిశీలించిన జిమ్ కమిన్స్, మాటామంతీకి రెండేళ్లు చాలినా చదువుకు సరిపడే ఇంగ్లిష్‌కు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందన్నారు. చుట్టూ ఇంగ్లిష్ వినబడే చోటే అంతకాలం పడితే, మన పిల్లల మీద మూడో తరగతిలోనే ‘వెనకబడ్డాడు’ అని ముద్ర వేయడం అన్యాయం.

ఒకే టీచరున్న బడిలో ఇదంతా కుదురుతుందా? తక్కినవాళ్లకు రాతపని ఇచ్చి రోజుకు ముగ్గురు నలుగురిని వింటే నెలలో అందరి వంతూ వస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కోరిన నిరంతర, సమగ్ర మూల్యాంకనం అంటే నాకు తెలిసి ఇదే. టీచర్లతో నింపించే ఫార్మాట్లు తగ్గించి ఆ సమయాన్ని వినడానికి ఇవ్వాలి. తల్లిదండ్రుల సమావేశంలో ఇలా రాసుకున్న నోటుబుక్కు తెరిచి ‘జూలైలో ఇలా అంది, ఇప్పుడిలా అంటోంది’ అని చదివి వినిపిస్తే, బడి ముఖం చూడని తల్లికి కూడా కూతురు ఎంత ఎదిగిందో తెలుస్తుంది. అది తెలుసుకునే హక్కు ఆ తల్లికుంది.